వెనక షెడ్డు తలుపు

కిందటి వారం మనం కృపాకుమారిని బందరు ఆసుపత్రిలో, నాగమల్లేశ్వరి మంచం పక్కన వదిలి వచ్చాం. మునగలంకలోని మహోదధి రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా గొట్టం పగిలి ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. ఒకరు కృపాకుమారి చెల్లెలు సరోజ. ఇంకొకరు, ఇంటర్ మానేసి రొయ్యల తలలు వలిచే పనికి కుదిరిన హర్షిత. ఇద్దరూ ఆవరణలో పరిగెత్తుతూ పడిపోయి, ఆ గాలి పీల్చి పోయారని కంపెనీ చెప్పింది. పోలీసులూ అదే రాసుకున్నారు. కానీ ఆ ఆసుపత్రిలోనే నర్సుగా పనిచేసే కృపాకుమారి, చెల్లెలి ఒళ్ళు తుడిచేటప్పుడు చేతి గోళ్ళు విరిగిపోయి ఉండటం చూసింది. తెల్లవారాక, ఆ గ్యాసులోంచి బతికి బయటపడ్డ నాగమల్లేశ్వరి కళ్ళు తెరిచి, కాలిన గొంతుతో ఒక్క మాట చెప్పింది.

"వెనక షెడ్డు తలుపుకి బయట నుంచి తాళం వేసుందక్కా."

ఆ మాట చెవిలో పడ్డాక కృపాకుమారి శవాలను ఊరికి తీసుకెళ్ళే బండి ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక సరోజ పెట్టెలో ఉంది. హర్షితను తెల్లగుడ్డలో చుట్టి స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. వాళ్ళ మధ్య ఇరుకులో హర్షిత తల్లి వీరలక్ష్మి, కృపాకుమారి తండ్రి సుందరరాజు కూర్చున్నారు. వీరలక్ష్మి ఏడవడం ఎప్పుడో మానేసింది. కూతురి పాదాలు రెండూ గుడ్డ మీద నుంచే పట్టుకుని, బండి కుదిపినప్పుడల్లా కదలకుండా అదుముతోంది. సుందరరాజు కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. చర్చి సంఘంలో పెద్ద ఆయన. మునగలంకలో ఎవరు పోయినా ముందు ప్రార్థన ఆయనదే.

బండి కూడా కంపెనీదే. రెండు పక్కలా నీలం అక్షరాలతో పేరు రాసి ఉంది. పెడన దాటి కృత్తివెన్ను రోడ్డు పట్టాక అటూ ఇటూ చెరువులే, ఒకప్పుడు వరి పండిన నేల. ఆ చెరువుల్లో సగానికి పైగా గుడివాడ కోదండరామయ్యవి. ధాన్యం కమిషన్ వ్యాపారంతో మొదలుపెట్టిన మనిషి. వరి కొనేవాడు కాస్తా వరి పండే నేల కౌలుకి తీసుకున్నాడు, తవ్వించాడు, ఉప్పునీళ్ళు పెట్టించాడు. రొయ్యపిల్ల ఆయనదే, మేత ఆయనదే, ఐసు ఆయనదే, చివరికి రొయ్యను కొని విదేశాలకు పంపే ఫ్యాక్టరీ కూడా ఆయనదే అయింది. ఊళ్ళోకి రోడ్డు వేయించాడు. పిల్లలకు బడి బస్సు పెట్టాడు. రామాలయానికి గచ్చు, చర్చికి కొత్త హాలు కట్టించాడు. ఓటు ఎవరికి వెయ్యాలో ఆయన నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు.

సుందరరాజు ఆ ఫ్యాక్టరీకి ఆడకూలీలను సమకూర్చే మేస్త్రి. సరోజ భర్త పున్నయ్య అక్కడే వాచ్‌మన్. ఆసుపత్రికి శవం వచ్చిన దగ్గర్నుంచి పున్నయ్య ఎవరికీ కనబడలేదు. దుఃఖంలో మతి చెడి ఎటో పోయాడనుకున్నారు.

ఊరి ముందు డ్రెయిను వంతెన దగ్గర బండి ఆగిపోయింది. వంతెనకు అడ్డంగా ఓ ట్రాక్టరు నిలబెట్టి ఉంది. ముందు రాజేష్ నిలబడ్డాడు. కోదండరామయ్య చెరువుల కాపలాదారులందరికీ నాయకుడతను. వెనక అతని మనుషులు సరుగుడు కర్రలు పట్టుకుని ఉన్నారు. వంతెన అవతల ఊరు ఊరంతా పోగై ఉంది. పోలీసు జీపు చింతచెట్టు నీడలో ఆగి ఉంది, ఎవరూ దిగలేదు.

రాజేష్ డ్రైవరు వైపు కిటికీ దగ్గరికొచ్చాడు. "ఊళ్ళోకి వద్దు. ఎడమకి తిప్పు. ఎవరి శ్మశానానికి వాళ్ళని నేరుగా తీసుకెళ్ళిపోండి. పెద్దాయన చెప్పారు."

"ఇంటికి తీసుకెళ్ళకుండానే?" అంది కృపాకుమారి.

"వేడి మీదున్నారండీ జనం. గొడవలవుతాయి. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు నేను చెప్పాలా?"

వెనక తలుపు తెరుచుకుంది. వీరలక్ష్మి దిగింది. ఎవరూ పట్టుకోకముందే స్ట్రెచరు కాళ్ళవైపు పట్టి లాగింది. అది జారి రోడ్డు మీద పడబోతుంటే సుందరరాజు తలవైపు పట్టుకున్నాడు.

"నా పిల్లని ఫ్యాక్టరీ గేటు ముందర పడుకోబెడతాను," అంది వీరలక్ష్మి. "ఎవడొస్తాడో రమ్మను."

రాజేష్ మనుషుల్లో ఒకడు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నెట్టాడు. గట్టిగా నెట్టాడో లేదో కానీ ఆవిడ వెల్లకిలా పడింది. స్ట్రెచరు ఒరిగి, గుడ్డలోంచి హర్షిత చెయ్యి ఒకటి బయటికి జారి తారురోడ్డుకు తగిలింది.

అవతల ఒడ్డున అది చూశారు. తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. రోడ్డు పనికని పోసిన కంకర గుట్ట అక్కడే ఉంది. మొదటి రాయి ట్రాక్టరు బానెట్టుకు తగిలింది, రెండోది ఒకడి పళ్ళు రాలగొట్టింది. కర్రలు లేచాయి. ముందుకు దూకిన ఓ ముసలాయన తల కొబ్బరికాయలా పగిలి, నెత్తురు కళ్ళల్లోకి కారుతుంటే ఆయన చేతులు చాపి ఎవరికోసమో తడుముకుంటూ కూలబడ్డాడు. రొయ్యలు వలిచే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి వీరలక్ష్మిని తోసినవాణ్ణి కాలరు పట్టి డ్రెయినులోకి ఈడ్చారు. వాడి మొహాన్ని బురదలోకి నొక్కి, వీపు మీద ఎక్కి తొక్కారు. వాడు కాళ్ళు కొట్టుకోవడం ఆగిపోయేదాకా వదల్లేదు. తర్వాత ఎవరో జుట్టు పట్టి తల పైకెత్తితే, బురద కక్కుతూ ఊపిరి తీసుకున్నాడు. పోలీసు జీపు స్టార్టయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

కృపాకుమారి ముసలాయన తలకు ఆయన తువ్వాలే చుట్టి ముడి వేస్తూ, తలెత్తి డ్రెయిను అవతలికి చూసింది. ఫ్యాక్టరీ వెనక వైపు, షెడ్డు పక్కన ఒక చిన్న లారీ ఆగి ఉంది. దాని మీద ఇనుము కోసే గ్యాసు సిలిండర్లున్నాయి.

ఊళ్ళో జనమంతా ఇక్కడ కొట్టుకుంటున్నారు. అక్కడ తలుపు కోసి పట్టుకుపోతారు. ఇంక ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

డ్రెయిను గట్టు పట్టుకుని నడిచింది. కొంచెం దూరం వెళ్ళాక పరుగెత్తింది. ఫ్యాక్టరీ కడిగిన నీళ్ళు డ్రెయినులో కలిసే చోట కంచె తెగి ఉంటుంది. రొయ్య తలలు కుళ్ళిన ఆ నీళ్ళలో మోకాళ్ళ లోతున దిగి, తీగ కింద నుంచి దూరింది. లోపల ఇంకా అమ్మోనియా ఘాటు ఉంది. కళ్ళు మండాయి. చీర కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

షెడ్డుకు ఒకటే తలుపు. దళసరి రేకు తలుపు, పెద్ద గొళ్ళెం. గొళ్ళెం విరిగి వేలాడుతోంది. తాళంకప్ప ఇంకా దానికే ఉంది, వేసినది వేసినట్టే. తలుపు ముందు నేల మీద పున్నయ్య కూర్చుని ఉన్నాడు. పక్కన ఇనుము కోసే గ్యాసు గొట్టం, కళ్ళద్దాలు. ఒళ్ళో ఐసు దిమ్మలు లాగే ఇనుప కొక్కెం. దాని మొన వంకరపోయి ఉంది.

"వదినా," అన్నాడు లేవకుండానే. "కోసెయ్యమని పంపారు. నా వల్ల కావట్లేదు."

కృపాకుమారి అతన్ని దాటుకుని తలుపు తీసింది. లోపలి వైపు రేకు మీద గీతలున్నాయి. రంగు లేచిపోయి, తెల్లగా, గుత్తులు గుత్తులుగా. కొన్ని నేలకు బాగా దగ్గరగా ఉన్నాయి. నిలబడలేక కూలిపోయాక కూడా చెల్లెలు గీకిందన్నమాట. కృపాకుమారి ఫోను తీసి వరసగా ఫోటోలు తీసింది.

తలుపు వెనక్కి తిప్పి బయట వైపు చూసింది. అక్కడా దెబ్బలున్నాయి. ఇవి లోతైన దెబ్బలు, ఇనుముతో కొట్టినవి.

"ఇవెవరు కొట్టారు?"

"నేనే. గొళ్ళెం విరగడానికి చాలాసేపు పట్టింది."

"తాళం ఎవరు వేశారు?"

పున్నయ్య ఆమె కళ్ళల్లోకి చూశాడు. "నేనే వదినా."

అతను, ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లగా చెప్పాడు. విదేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు ఫ్యాక్టరీ చూడటానికొచ్చారు. కంపెనీ పని కార్డుల్లేని ఆడవాళ్ళు వాళ్ళ కంటపడకూడదని వెనక షెడ్డులోకి తోలారు. వాళ్ళలో ఎవరూ పొరపాటున కూడా బయటికి రాకుండా తాళం వెయ్యమన్నారు. వేశాడు. ఆ ఆడవాళ్ళు పొద్దుటి నుంచి ఏమీ తాగలేదని సరోజ టీ పట్టుకుని లోపలికి వెళ్ళిన సంగతి అతనికి తెలియదు. ఆమెకు కార్డు ఉంది. ముందు హాల్లో ఉందనుకున్నాడు.

"గ్యాసు కమ్మాక లోపల నుంచి కేకలు. అందులో దాని గొంతు కూడా ఉంది. నా పేరు పెట్టి పిలిచింది వదినా. బయట నేనే ఉన్నానని దానికి తెలుసు. తియ్యి, తియ్యి అంది. తాళం చెవి నా దగ్గర లేదు."

కృపాకుమారి చేతికి అందినది గోడకు వేలాడుతున్న గొలుసు. దాంతో అతని మొహం మీద కొట్టింది. చెంప చీలింది. మళ్ళీ కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. కొక్కెం పక్కన పెట్టి, ఇంకా కొట్టమన్నట్టు మొహం కొంచెం పైకెత్తాడు. అది చూసి ఆమెకు ఇంకా కోపం వచ్చింది. భుజాల మీద, మెడ మీద, ఎక్కడ తగిలితే అక్కడ, తన చెయ్యి ఎత్తలేనంత వరకు కొట్టింది. తర్వాత గొలుసు వదిలేసి, గోడకు ఆనుకుని రొప్పుతూ నిలబడింది.

"చెవి ఎవరి దగ్గరుంది?" అంది.

పున్నయ్య నెత్తురు మింగి తల అడ్డంగా ఊపాడు. "అది నన్ను అడగొద్దు."

"ఆయన చెప్పలేడు లెండి. నేను చెబుతాను."

షెడ్డు మూల దగ్గర మేనేజరు శ్యామ్ సుందర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కంపెనీ కార్డు. వెనక రాజేష్, నుదుటి మీద రాయి దెబ్బతో, చేతిలో చెరువు గట్ల మీద తుమ్మకంపలు నరికే కత్తితో ఉన్నాడు. అతను నేరుగా వచ్చి కృపాకుమారి చేతిలో ఫోను లాక్కుని, గచ్చు మీద పెట్టి బూటు మడమతో నలిపాడు. ముక్కలు ఏరి డ్రెయినులోకి విసిరేశాడు.

"రాజేష్, ఆడవాళ్ళ మీద చెయ్యెయ్యకు," అన్నాడు శ్యామ్ సుందర్, అదేదో గొప్ప మర్యాద అన్నట్టు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "చూడండి మేడం. మీరు కేసు పెట్టాలనుకుంటున్నారు. పెట్టండి. ఎవరి మీద పెడతారు?"

"కంపెనీ మీద."

"కంపెనీ ఏం చేసింది? గొట్టం పాతబడి పగిలింది, అది ప్రమాదం. తలుపుకు తాళం వేసింది మీ మరిది, ఒప్పుకుంటున్నాడు కూడా. కార్డుల్లేని మనుషుల్ని లోపలికి తెచ్చింది మేస్త్రి. షెడ్డు మేస్త్రిది. తాళం మేస్త్రిది. వెయ్యించి, చెవి జేబులో వేసుకుని, ముందుకొచ్చి అతిథులకు దండలు వేసింది కూడా మేస్త్రే. గ్యాసు వాసన తగలగానే అందరితోపాటు రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఈ పున్నయ్య ఫోను మీద ఫోను చేశాడంట. ఎత్తలేదు."

కృపాకుమారికి ఒక్క క్షణం మేస్త్రి అనే మాట ఎవరి గురించో తట్టలేదు. తట్టాక, బండిలో కళ్ళు మూసుకుని పెదవులు కదిపిన ముసలి మొహం గుర్తొచ్చింది. పున్నయ్య వైపు చూసింది. అతను నేలకేసి చూస్తున్నాడు. అది చాలు.

"మా పేరు మీద ఒక్క కాయితం లేదు మేడం, ఒక్క మాట లేదు," అన్నాడు శ్యామ్ సుందర్. గొంతులో బెదిరింపు లేదు, ఓ విసుగు మాత్రం ఉంది. "కోదండరామయ్య గారికి ఈ షెడ్డు ఎక్కడుందో కూడా తెలీదు. మీరు కోర్టుకి వెళ్తే లోపలికి వెళ్ళేది మీ నాన్న, మీ మరిది. ఫ్యాక్టరీ మూస్తే చెరువుల్లో రొయ్య కొనే నాథుడుండడు. అప్పుడు మీ ఊరివాళ్ళే మీ ఇంటి మీదికొస్తారు. మేం రానక్కర్లేదు. అందుకే చెబుతున్నాను. తలుపు కోసేద్దాం. చెల్లెల్ని గౌరవంగా మట్టి చేసుకోండి."

"అది మీ కోసం పన్నెండేళ్ళు రొయ్యలు వలిచింది," అంది కృపాకుమారి. "వేళ్ళు తెల్లగా నానిపోయి ఉండేవి ఎప్పుడూ."

"నాకు తెలుసండీ. మంచి పనిమనిషి."

పున్నయ్య ఎప్పుడు లేచాడో ఆమె చూడలేదు. కొక్కెం గాలిలో ఒక్కసారి మెరిసి శ్యామ్ సుందర్ మెడకూ భుజానికీ మధ్య దిగబడింది. పున్నయ్య దాన్ని ఐసు దిమ్మను లాగినట్టే రెండు చేతులా లాగాడు. ఎముక పటుక్కుమన్న శబ్దం వినబడింది. శ్యామ్ సుందర్ అరవలేకపోయాడు. నోరు తెరుచుకుని, తెల్లచొక్కా ముందు భాగమంతా ఎర్రబడుతుంటే దాన్ని ఆశ్చర్యంగా చూసుకుంటూ మోకాళ్ళ మీద కూలాడు. పున్నయ్య కొక్కెం ఊడబెరికి మళ్ళీ ఎత్తాడు.

రాజేష్ కత్తి కింద నుంచి వచ్చింది. పున్నయ్య గజ్జల పక్కన, తొడ మొదట్లో దిగి పక్కకు చీల్చుకుంటూ పోయింది. నెత్తురు కారలేదు, చిమ్మింది. తలుపు రేకు మీద తపతపా పడింది. పున్నయ్య చేతిలోంచి కొక్కెం జారింది. రాజేష్ రెండో వేటుకు కత్తి ఎత్తాడు. కృపాకుమారి కిందపడి ఉన్న గొలుసు అందుకుని అతని మొహానికేసి బారుగా విసిరింది. అది కంటికి తగిలి అతను వెనక్కి తూలాడు. అంతలో గేటు వైపు నుంచి పెద్ద చప్పుడు. గేటు కూలింది. జనం కేకలు దగ్గరపడ్డాయి. రాజేష్ ఒక చేత్తో కన్ను మూసుకుని, రెండో చేత్తో శ్యామ్ సుందర్‌ను చంకల కింద పట్టి లారీ వైపు ఈడ్చుకుపోయాడు. ఇంజను మోత వినబడింది.

కృపాకుమారి పున్నయ్య పక్కన మోకరిల్లి, రెండు పిడికిళ్ళూ గాయంలోకి దూర్చి, తన బరువంతా వేసి నొక్కింది. వేడి నెత్తురు మణికట్లు దాటి పొంగి, మెల్లగా తగ్గింది. పెద్ద రక్తనాళం తెగింది. ఇలా నొక్కిపట్టి ఉంచినంతసేపే అతని ప్రాణం. వదిలితే ఆసుపత్రి దాకా కాదు, గేటు దాకా కూడా చేరడు.

"వదిలెయ్ వదినా," అన్నాడు పున్నయ్య.

"నోరు మూసుకుని పడుకో. నువ్వు చస్తే ఈ సంగతి చెప్పేవాడెవడూ ఉండడు."

జనం షెడ్డు చుట్టూ వచ్చి నిలిచారు. చిరిగిన చొక్కాలు, పగిలిన తలలు. అందరికన్నా ముందు వీరలక్ష్మి వచ్చింది. ఆవిడ పున్నయ్యను చూడలేదు, కృపాకుమారిని చూడలేదు. తెరిచి ఉన్న తలుపు దగ్గరికి వెళ్ళి, లోపలి గీతల మీద అరచెయ్యి ఆనించి, కింద దాకా మెల్లగా జార్చింది. బాగా కిందున్న గీతల దగ్గర చెయ్యి ఆగింది.

జనాన్ని తోసుకుంటూ సుందరరాజు వచ్చాడు. రొమ్ము ఎగిసిపడుతోంది. "అల్లుడూ, ఎవరయ్యా నిన్ను ఇలా చేసింది? ఆ రాజేష్ గాడేనా?" అంటూ వంగాడు. తర్వాత జనం వైపు తిరిగి, చర్చిలో మాట్లాడే పెద్ద గొంతుతో, "చూశారా, నా బిడ్డని చంపారు, ఇప్పుడు అల్లుణ్ణి నరికారు. ఈ తలుపు వేసినవాడెవడో వాణ్ణి దేవుడు విడిచిపెట్టడు," అన్నాడు.

కృపాకుమారి తండ్రి మొహంలోకి చూసింది. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అది చూసే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది. ఇప్పుడు వద్దు, ఇక్కడ వద్దు అనుకుంది. పోలీసుల ముందు, కోర్టులో చెప్పిస్తాను. ఇంతమంది ముందు మాత్రం వద్దు. పున్నయ్య నోరు తెరవబోతే, "మాట్లాడకు" అని గొణిగింది.

కానీ అతని కళ్ళు అప్పటికే తేలిపోతున్నాయి. మామ మొహం తప్ప మరేమీ కనబడుతున్నట్టు లేదు. అందరికీ వినబడేలా, చిన్నపిల్లాడు అడిగినట్టు అడిగాడు.

"మావయ్యా, తాళం చెవి ఇంకా జేబులోనే ఉందా?"

సుందరరాజు చెయ్యి, ఆయనకు తెలియకుండానే, చొక్కా జేబు మీదికి వెళ్ళింది.

జేబు మీద ఆగిపోయిన ఆ చేతిని అందరూ చూశారు. వీరలక్ష్మి కూడా చూసింది. తలుపు మీద నుంచి చెయ్యి తీసి, వంగి, నెత్తుటి మడుగులో పడి ఉన్న ఇనుప కొక్కేన్ని అందుకుంది.

"వీరలక్ష్మీ, నామాట విను," అన్నాడు సుందరరాజు, ఒక అడుగు వెనక్కి వేస్తూ. ఆయన వెనక జనం దగ్గరగా నిలబడి ఉన్నారు. ఎవరూ పక్కకు తప్పుకోలేదు.

కృపాకుమారి లేవబోయింది. పిడికిళ్ళ కింద నెత్తురు గుప్పున పైకి తన్నింది. ఆమె మళ్ళీ బరువు వేసి నొక్కింది. తలెత్తి, తండ్రి వైపు నడుస్తున్న వీరలక్ష్మి వీపును చూసింది.